పెద్దరికం చెల్లని చోటు
బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ 27వ మెయిన్‌లో ఏ కెఫేలో కూర్చున్నా పక్క టేబుల్ నుంచి తెలుగులోనే వినబడుతుంది: "నా ల్యాప్‌టాప్‌లో బానే నడిచింది కదా బ్రో!" ఈ మాటకు వలంటీర్లు నడిపే లినక్స్ ప్రాజెక్టు డెబియన్ 2019లోనే చెల్లుచీటీ రాసేసింది. ప్యాకేజీ చూసుకునే మెయింటెయినర్ తన మెషీన్‌లో బిల్డ్ చేసి పంపిన బైనరీ ఇక 'టెస్టింగ్'లోకి (తర్వాతి విడుదలకు సిద్ధమయ్యే శాఖలోకి) వెళ్లదు. సోర్సు ఇస్తే చాలు, బిల్డ్ సర్వర్లే ఆ పని చేసుకుంటాయి. టైమ్ కలిసొస్తుందని అందరూ మెచ్చుకుంటారు గానీ, నాకు నచ్చింది వేరు. జీతమూ బాసూ లేని చోట పెద్దరికం దానంతటదే పుట్టుకొస్తుంది. ఇరవై ఏళ్లుగా కోడ్ రాస్తున్న ఆయన్ని "సరిగ్గా బిల్డ్ చేశారా సార్?" అని అడగడానికి మన కుర్రాళ్లకు నోరు పెగలదు (పెళ్లిలో పురోహితుణ్ణి మంత్రం మళ్లీ చదవమన్నట్టే). సర్వర్‌కు ఆ మొహమాటం లేదు. బిల్డ్‌కు కావాల్సిన లైబ్రరీ ఒకటి 'బిల్డ్-డిపెండ్స్' వరసలో రాయడం మరిచిపోయారనుకోండి. ఆయన ల్యాప్‌టాప్‌లో అది ఎప్పుడో ఎక్కించి ఉంటుంది, లోపం బయటపడదు. ఏమీ లేని శుభ్రమైన క్రూట్‌లో (మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసిన చోట) మొదలుపెట్టే సర్వర్ మాత్రం 'హెడర్ ఫైల్ దొరకలేదు' అని అక్కడే ఆగిపోతుంది, ఎవరి ప్యాకేజీ అయినా సరే. అలాగని దానికి అన్నీ తెలుసనీ అనను. 2024లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో దొంగ కోడ్ దాక్కున్నదే టెస్ట్ ఫైళ్లలో. దాన్ని పట్టుకున్నది ఏ సర్వరూ కాదు, డెబియన్ అస్థిర శాఖ 'సిడ్'లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఎందుకు ఆలస్యమవుతోందని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్.