ఒక ద్రాక్ష రకానికి ఇరవై ఏళ్లు

కాలిఫోర్నియా వైన్ ద్రాక్షకు పియర్స్ తెగులు పెద్ద శాపం. బ్యాక్టీరియా చేరి తీగలో నీరెక్కే నాళాలను మూసేస్తుంది. ఆకులు అంచుల నుంచి మాడి, చివరికి తీగే చచ్చిపోతుంది. కొట్టడానికి మందు లేదు. మన పచ్చదోమకు చుట్టమైన ఒక రసం పీల్చే పురుగు దాన్ని తోట నుంచి తోటకు మోస్తుంది. 1990ల చివర టెమెక్యులా ప్రాంతంలో తోటలకు తోటలే పోయాయి.

వైన్ తాగేవాళ్ల గొడవ మనకెందుకని పేజీ తిప్పకండి. డేవిస్‌లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఆండీ వాకర్ అనే శాస్త్రవేత్త ఈ తెగులు మీద ఇరవై ఏళ్లు పనిచేశారు. తెగులును తట్టుకునే అడవి ద్రాక్షను మెక్సికో నుంచి తెచ్చింది మాత్రం ఆయన కాదు, అక్కడే ఆయనకు ముందు పనిచేసిన హెరాల్డ్ ఓల్మో, 1960లలో. అది విశ్వవిద్యాలయం దగ్గర ఉండబట్టే వాకర్ చేతికందింది. అడవి కాయ వైన్‌కు పనికిరాదు. అందుకని దాన్ని మంచి రకాలతో తరం తర్వాత తరం సంకరం చేస్తూ పోయారు. జన్యుమార్పిడి కాదు, పుప్పొడితో చేసిన సంకరమే. 2019లో ఐదు రకాలు విడుదలయ్యాయి.

ఏ కంపెనీ ఇరవై ఏళ్లు ఆగుతుంది? మూడో ఏడాదికే లాభం అడుగుతుంది. ఈ పనికి వచ్చిన డబ్బులో కొంత అక్కడి ద్రాక్ష రైతులదే. పంట విలువ మీద కొంత రుసుము కట్టడానికి వాళ్లే ఓటు వేసి ఒప్పుకున్నారు, మళ్లీ మళ్లీ కొనసాగించారు.

అక్కడా అంతా బాగుందని మేము అనడం లేదు. ఆ రకాలకు విశ్వవిద్యాలయం పేటెంటు కోరింది. పేటెంటు ఉన్న తీగ కొమ్మ కోసి రైతు సొంతంగా అంటు కట్టుకోకూడదు. మన 2001 చట్టం విత్తనం దాచుకునే, పంచుకునే హక్కు రైతుకిచ్చింది. దాన్ని మనం వదులుకోకూడదు.

హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ తోటలుండేవి. బూజు తెగులుకు తట్టుకోలేని రకమది. నీళ్లు తగ్గాయి, ప్లాట్లు పెరిగాయి, తోటలు పోయాయి. ఇప్పుడు మిర్చికి నల్లతామర, పత్తికి గులాబీ పురుగు వస్తే షాపువాడు చెప్పిన మందు కొడుతున్నాం. మన పరిశోధనా కేంద్రాల్లో ఖాళీ అయిన శాస్త్రవేత్తల పోస్టులు ఏళ్ల తరబడి నింపడం లేదు. ఒకరు మొదలుపెట్టిన సంకరం పని వారు రిటైరయ్యాక ఎవరు అందుకోవాలి?

యార్డులో మన పంట మీద మార్కెట్ సెస్సు వసూలవుతూనే ఉంది. అందులో ఒక వాటా కొత్త రకాల పరిశోధనకు కేటాయించాలి. ఆ డబ్బు ఏ పంటకు, ఏ తెగులుకు పెట్టాలో తేల్చే కమిటీలో రైతులు సగం మంది ఉండాలి. ఖాళీ పోస్టులను కాంట్రాక్టు మీద కాకుండా శాశ్వతంగా నింపాలి. ఈ మూడింటినీ మండల మహాసభల తీర్మానాల్లో పెట్టాలని కోరుతున్నాం.