సంఘం పుస్తకం ఎవరు దాస్తారు?

బరంపురం విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,



ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నందుకు మన్నించండి. ఒడియా రాక కాదు. ముప్పై ఏళ్లు ఈ జిల్లా బళ్లలో పాఠాలు చెప్పినదాన్ని, అది నాకు పక్కింటి భాష. కాని నేను అడగబోయేది ఇంట్లో తెలుగు మాట్లాడుకునే ఆడవాళ్ల గురించి. రేపు వాళ్ల వాకిట్లో కూర్చుని ఇది చదివి వినిపించాలి కదా.

ఆ మధ్య గోపాలపురం దాటాక ఉన్న ఒక జాలారి పేటకు పెళ్లికి వెళ్లాను. పాతికేళ్లుగా మా వీధికి గంపతో చేపలు తెచ్చే ఆమె మనవరాలి పెళ్లి. భోజనాలయ్యాక ఆమె నన్ను లోపలికి పిలిచి, ట్రంకుపెట్టెలో చీరల అడుగునుంచి ఒక పుస్తకం తీసింది. మహిళా సంఘం తీర్మానాల పుస్తకం. అట్ట ఊడిపోయింది. ఉప్పుగాలికి కాగితాలు పసుపెక్కాయి, మూలలు చెద తినేసింది.

"ఇందులో నా గురించి ఏటి రాసున్నాదో సదవండమ్మా. పదేళ్లు పెసిడెంటుగా సేసినాను" అంది.

చదివాను. ఒడియాలో, ఎవరో చదువుకున్న కుర్రాడి దస్తూరి. ప్రతి సమావేశానికీ తేదీ, హాజరు, పొదుపు మొత్తం, ఆఖర్న ఒకటే వాక్యం: అందరూ అంగీకరించారు. దాని కింద వేలిముద్రలు. పుస్తకం పొడుగునా అంతే.

ఆమె చెప్పింది వేరు. షావుకారు దగ్గర అప్పు చేస్తే ఎండుచేప ఆయనకే అమ్మాలి, అదీ ఆయన చెప్పిన ధరకే. ఆ ముడి తెంచుకుని నెత్తళ్లూ కవళ్లూ అందరివీ ఒకచోట పోగేసి మనమే అమ్ముకుందాం అన్నప్పుడు సగంమంది జంకారట. మొగుళ్లు తిట్టారట. ఒకామె అలిగి తన పొదుపు డబ్బు వెనక్కి తీసుకుని, మూడోవారం ఏడుస్తూ తిరిగొచ్చిందట. ఆ తీర్మానం చేసిన రాత్రి లాంతరు చుట్టూ ఎవరు ఏ మాటన్నారో ఆమెకు పొల్లుపోకుండా గుర్తుంది. అదే రాత్రి గురించి పుస్తకం ఏమంటుంది? అందరూ అంగీకరించారు.

ఇదేదో ఒక పేట ముచ్చట అనుకోకండి. ఈ తీరంలోని మత్స్యకార మహిళల సంఘాలు కలిసి 'సముద్రం' అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి. గంజాం ఊళ్లోని యునైటెడ్ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ వాళ్లకు వెన్నుదన్నుగా నిలిచింది. (పేరు చూసి నాటక సమాజం అనుకునేరు, పనంతా చేపలు పట్టేవాళ్లతోనే.) చేపల అమ్మకం తమ చేతుల్లోకి తెచ్చుకోవడం, చేపల సంతతి పెరిగేలా సముద్రం అడుగున కృత్రిమ దిబ్బలు వేయించడం, తాబేళ్లను కాపాడటం వాళ్లు చేసిన పనులు. 2010లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఆ సమాఖ్యకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. న్యూయార్క్ దాకా తెలిసిన ఈ సంగతి బరంపురంలో ఎందరికి తెలుసు?

రుషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలాదిగా వచ్చి గుడ్లు పెడతాయని శాస్త్రజ్ఞులు గుర్తించింది 1994లో. ఆ తర్వాత వాటిమీద ఎన్ని పరిశోధనలు! ట్యాగులు వేసి ఏ తాబేలు ఏ దారిన పోయిందో కనిపెడుతున్నారు. తాబేళ్ల మీద నాకు కోపమేమీ లేదు. కాని వాటి కోసమని నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ మొగ చుట్టూ వేట ఆపేస్తే, ఆ ఏడు నెలలూ పొయ్యి ఆరకుండా చూసిన ఆడదాని దారి కూడా ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా.

స్వచ్ఛంద సంస్థల వాళ్లు రాయలేదా అంటారేమో. రాశారు, ఇంగ్లీషులో, విరాళాలిచ్చేవాళ్ల కోసం. వాళ్లను తప్పుపట్టను. మొహుదాలోని గ్రామ్ వికాస్ 1979 నుంచి ఈ జిల్లాలో పనిచేస్తోంది. ఊళ్లో ఒక్క ఇల్లు కూడా మినహాయింపు లేకుండా ఒప్పుకుంటేనే నీళ్లూ మరుగుదొడ్ల పని మొదలుపెడతామంది. ఊరి కమిటీలో మగవాళ్లు ఎందరో ఆడవాళ్లూ అందరే ఉండాలంది. ఆ ఒక్క షరతు చేసిన మేలు పది శిక్షణ శిబిరాలు చేయలేవని నా నమ్మకం. కాని ప్రాజెక్టు అన్నది ఏనాటికైనా ముగిసేదే. కార్యకర్త ఇంకో జిల్లాకు పోతాడు, ఫైలు అతనితో పోతుంది, పుస్తకం ట్రంకుపెట్టెలోకి పోతుంది. సంఘం పెట్టించడం వాళ్ల వంతు. దాని చరిత్ర దాచడం మీ వంతు.

పట్నంలో మాత్రం ఏం దాచుకున్నాం? మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి గారి పేరిట మనకు రోడ్డుంది, మార్కెట్ ఉంది. ఆయన తల్లి సుభద్రమ్మ గారు శాసనోల్లంఘన రోజుల్లో మద్యనిషేధం కోసం ఇదే ఊళ్లో ఆందోళన నడిపి అరెస్టయ్యారని తెలుసా అని గిరి మార్కెట్లో పదిమందిని అడిగి చూడండి. 1937 ఎన్నికల్లో ఒడిశా శాసనసభలోని 60 స్థానాల్లో ఆడవాళ్లకు కేటాయించినవి రెండే. ఆ ఇద్దరిలో ఒకరు మన ఎ. లక్ష్మీబాయి. 1946లో ఆమె ఉపసభాపతి కూడా అయ్యారు.   

2019లో అస్కా నుంచి ప్రమీలా బిసోయి లోక్‌సభకు వెళ్లినప్పుడు, మూడో తరగతి చదివిన స్వయం సహాయక సంఘం నాయకురాలని పత్రికలు ముచ్చటపడి రాశాయి. మూడో తరగతి మాట అందరికీ గుర్తుండిపోయింది. అంతకుముందు సంఘంలో ఆమె గడిపిన ఏళ్లే ఆమె కాలేజీ అని ఎవరూ అనలేదు.

బడి గడప తొక్కకుండా, తమ్ముడు చదువుతుంటే పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్న భండారు అచ్చమాంబ ఆడవాళ్ల చరిత్రలు రాసి 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అచ్చు వేశారు. మరుసటి ఏడు బందరులో స్త్రీ సమాజం పెట్టారు. ముప్పై ఏళ్లకే పోయారు. ఆమె వెనక విశ్వవిద్యాలయం లేదు, నిధులు లేవు. మీరు 1967 నుంచి ఉన్నారు, భవనాలున్నాయి, చరిత్ర శాఖ ఉంది, గ్రంథాలయం ఉంది. సముద్రం మీ గేటుకు ఎంతో దూరంలో లేదు.

నేను అడిగేది చిన్నదే. గ్రంథాలయంలో ఒక గది ఇవ్వండి. ఊరూరా తిరిగి సంఘాల పుస్తకాలకు ఫొటో ప్రతులు తీయించండి. అసలు పుస్తకం మాత్రం ఆమె ట్రంకుపెట్టెలోనే ఉండాలి, అది ఆమెది. ఆ ఆడవాళ్ల మాటలు వాళ్ల యాసలోనే రికార్డు చేయించి తెలుగు లిపిలో రాయించండి, ఒడియా అనువాదం తర్వాత చూసుకోవచ్చు. ఆ పని బయటివాళ్లకు అప్పగించకండి. ఆ పేటల్లో డిగ్రీ దాకా వచ్చిన ఆడపిల్లలున్నారు. వాళ్లకు జీతమిచ్చి పంపండి. అమ్మమ్మ మాట వాళ్లకే అర్థమవుతుంది. తయారైన ప్రతి ఒకటి ఆ ఊరి బడికి చేరాలి.

పొడంపేటతో మొదలుపెట్టండి. అక్కడి పాత ఊరిని సముద్రం తినేసింది, జనం లోపలికి తరలిపోయారు. సంఘాల తొలినాళ్ల సంగతులు చెప్పగలిగినవాళ్లు ముసలివాళ్లయిపోయారు. పొద్దున పూట మాత్రం పంపకండి, పడవలు ఒడ్డుకొచ్చే వేళ, ఎవరికీ ఊపిరి సలపదు. మధ్యాహ్నం మూడు దాటాక వస్తే చేపలు ఎండేసిన దగ్గరే కూర్చుని ఉంటారు.

ఇట్లు,
బరంపురంలో ఒక రిటైర్డ్ టీచరు