ఎఫ్‌సీ భారము ఎవరు మోయవలెను?

2022 మే 19వ తేదీన హైదరాబాదు నగరమున ఆటోలు, క్యాబులు, లారీలు బంద్ పాటించినప్పుడు, ఆనాటి అసౌకర్యమును గురించి మాట్లాడినవారే అధికము గాని, దానికి మూలమైన బాధ ఏమిటని విచారించినవారు అరుదు. డ్రైవర్ల సంఘములు ఆనాడు ముందుంచిన కోరికలలో ముఖ్యమైనది, ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు (ఎఫ్‌సీ) గడువు దాటిన ప్రతి దినమునకు 50 రూపాయల చొప్పున వడ్డించు అదనపు రుసుమును ఎత్తివేయవలెనన్నది. ఆ కోరిక ముమ్మాటికిని న్యాయమైనది. అయితే ఆ న్యాయమైన కోరిక వెంట మరియొక వాదము కూడ తలయెత్తుచున్నది. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో గిరాకి కొరకు వేచియుండు డ్రైవర్ల నోట వినవచ్చు ఆ వాదము, అసలు ఈ ఎఫ్‌సీ అనునదియే వలదని. రుసుముపై కలిగిన కోపము పరీక్షపైకి మరలుట సహజమే. కాని సహజమైనదెల్ల హితము కానేరదు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 56వ సెక్షన్ ననుసరించి, కిరాయికి తిరుగు ప్రతి వాహనమును నియతకాలమున పరీక్ష చేయించి యోగ్యతాపత్రము పొందవలెను. బండికి ఎనిమిదేండ్లు నిండువరకు రెండేండ్లకొకసారి, ఆ పిమ్మట ఏటేట ఈ పరీక్ష తప్పదు. 2016 డిసెంబరు 29న కేంద్రప్రభుత్వము రుసుములను సవరించుచు, గడచిన దినములను లెక్కించి దండుగ పుచ్చుకొను పద్ధతిని ప్రవేశపెట్టినది. దాని కాఠిన్యము కరోనా కాలమున గాని పూర్తిగా తెలిసిరాలేదు. 2020 మార్చిలో ఐటీ ఉద్యోగులు ఇండ్లనుండియే పనిచేయ నారంభింపగా, రాత్రింబవళ్లు వారిని చేరవేసిన క్యాబులు బస్తీల సందులలో కదలక నిలిచిపోయినవి. పత్రముల గడువును కేంద్రము పలుమారులు పొడిగించి 2021 అక్టోబరు 31 వరకు తెచ్చిన మాట నిజమే. కాని ఆ మరునాడే ఆఫీసులన్నియు తెరువబడలేదు, గిరాకి తిరిగి రాలేదు, ఫైనాన్సు కిస్తీలు మాత్రము ఆగలేదు. పరీక్షకు డబ్బులేక బండి నిలిపినవానికి, నిలిపిన ప్రతి దినమునకు 50 రూపాయలు! 500 దినములు నిలిచిన ఆటోకు ఈ లెక్కన 25,000 రూపాయలు చెల్లింపవలసివచ్చును. రోడ్డెక్కని బండి వలన ఎవనికిని ప్రమాదము లేదు గదా, దానికి దండుగ ఏ న్యాయము ననుసరించి? ఈ అదనపు రుసుమును మద్రాసు హైకోర్టు 2017లో కొట్టివేయగా, 2024లో బొంబాయి హైకోర్టు దానిపై వేసిన పిటిషనును తోసిపుచ్చినది. న్యాయస్థానములకే ఏకాభిప్రాయము కుదరని దండుగను, దినవెచ్చమునకు తడుముకొను కుటుంబములపై మోపుట ప్రజాప్రభుత్వమునకు శోభ గాదు.

ఎఫ్‌సీకి పోవు దినము డ్రైవరుకు ఎట్లు గడచునో, క్యాబులో వెనుక సీటున కూర్చుండువారు ఎరుగుట మంచిది. ముందుగా ఆన్‌లైనులో స్లాటు తీసికొని రుసుము కట్టవలెను. సొట్టలు తీయించి, రంగు వేయించి, రేడియం స్టిక్కర్లు అంటించి, ప్రథమచికిత్స పెట్టె, మంటలార్పు సిలిండరు సమకూర్చుకొనవలెను. ఉదయముననే బండి కడిగించి ఆర్టీఏ ఆఫీసు మైదానమున వరుసలో నిలుపవలెను. జనులు బ్రేకు ఇన్‌స్పెక్టరని పిలుచు అధికారి వచ్చి, లైట్లు వేయించి, హారన్ మ్రోగించి, ఛాసిస్ నంబరుపై కాగితము పరచి పెన్సిలుతో తీసిన అచ్చును పత్రములతో సరిచూచి, బండి చుట్టును ఒక ప్రదక్షిణము చేయును. దినమంతయు పోవును, గిరాకి పోవును, ఏజెంటును ఆశ్రయించిన చేతిసొమ్ము కూడ పోవును. ఇంత చేసియు, బ్రేకులు నిజముగా పట్టుచున్నవా లేవా అన్న ప్రశ్నకు ఆ ప్రదక్షిణమున సమాధానము దొరకదు. పరీక్షనాడు మంచి టైర్లు బిగించి మరునాడు విప్పివేయువారున్నారన్న మాట ఊరక పుట్టలేదు. కష్టము యథార్థమై, ఫలము నామమాత్రమైనచోట మనుష్యునకు విసుగు పుట్టకుండునా?

అయినను పరీక్షను రద్దు చేయుమనుట, వైద్యుడు సరిగా చూడలేదని వైద్యమే మానుకొనుట వంటిది. యంత్రములతో చేయు పరీక్షలో చక్రములను రోలర్లపై నిలిపి బ్రేకు నొక్కినప్పుడు, ఎడమ చక్రము ఎంత బలముతో ఆగినది, కుడి చక్రము ఎంత బలముతో ఆగినది వేర్వేరుగా కొలువబడును. రెండింటి నడుమ వ్యత్యాసము హెచ్చినచో, ఔటర్ రింగు రోడ్డుపై వేగముగా పోవుచు హఠాత్తుగా బ్రేకు వేసిన బండి ఒక ప్రక్కకు లాగుకొనిపోవును. కంటికి కనబడని ఈ దోషము ఆ రోలర్లకు తెలియును. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున హైదరాబాదునుండి బెంగుళూరుకు పోవుచున్న ప్రైవేటు బస్సు కర్నూలు చెంత చిన్నటేకూరు వద్ద దగ్ధమై, అందు 19 మంది ప్రయాణికులు ఆహుతియైరి. ఆ మంటకు మూలము బస్సు క్రింద చిక్కుకొన్న మోటారుసైకిలే కావచ్చును. కాని అత్యవసర ద్వారము తెరచుకొనునా, అద్దము పగులగొట్టుటకు సుత్తి ఉన్నదా, పడకలు, తెరలు ఎంత వేగముగా అంటుకొనును అని ఆ తరువాత దేశమంతయు అడిగిన ప్రశ్నలు, బండి బయలుదేరకముందే అడుగవలసినవి. వానిని అడుగు అధికారియే లేకుండుట ఏ ప్రయాణికునకు క్షేమము? ఫిట్‌నెస్ లేదన్న కారణము చూపి ప్రమాదమునాడు బీమా సంస్థలు బాధ్యత తప్పించుకొనజూచునప్పుడు నష్టపోవువాడును డ్రైవరే గదా!

అమెరికాలో పరీక్షలను తొలగించుచున్నారుగదా అని కొందరందురు. మన తెలుగువారు పెక్కుమంది నివసించు టెక్సాస్ రాష్ట్రము 2023లో శాసనము చేసి, 2025 జనవరి 1 నుండి సొంత కార్లకు భద్రతాపరీక్షను ఎత్తివేసిన మాట వాస్తవము. కాని పరీక్ష పోయినను దాని స్థానమున 7.50 డాలర్ల రుసుము రిజిస్ట్రేషనుతో కలిపి వసూలగుచునేయున్నది. డాలస్, హ్యూస్టన్ వంటి నగరముల కౌంటీలలో పొగపరీక్ష నిలిచియున్నది. అన్నిటికన్న ముఖ్యముగా, వాణిజ్యవాహనములకు భద్రతాపరీక్ష నేటికిని తప్పనిసరియే. ఆ ఉదాహరణము మన డ్రైవర్లకు తోడు రాదు. పరీక్షను పోగొట్టుకొని రుసుమును మిగుల్చుకొను ప్రమాదమును మాత్రము చక్కగా చూపును.

ఇచ్చట మనము తేల్చుకొనవలసినది, ఈ పరీక్ష వలన లాభపడువాడెవడు, దాని వెల చెల్లించువాడెవడు అన్నది. హైటెక్ సిటీలోని కంపెనీ తన ఉద్యోగులను, విశేషించి రాత్రి షిఫ్టులోని స్త్రీలను, క్షేమముగా ఇల్లు చేర్చు బాధ్యతను ట్రావెల్స్ వారికి అప్పగించును; వారు దానిని సొంతబండి గల డ్రైవరుకు అప్పగింతురు. బాధ్యత మెట్టుమెట్టుగా దిగివచ్చుచుండగా, కిరాయిలోని సొమ్ము మాత్రము మెట్టుమెట్టున తరిగి అతనిని చేరును. యాపుల ద్వారా క్యాబులు నడుపు సంస్థలదియు ఇదే తీరు: బండికి ఫిట్‌నెస్ పత్రము లేనిదే బుకింగులు ఈయరు, ఆ పత్రమునకైన ఖర్చులో పైసా పంచుకొనరు. భద్రతను కోరువారు పలువురు, దాని మూల్యము చెల్లించువాడు ఒక్కడు. పరీక్ష డ్రైవరుకు శత్రువుగా కనబడుటకు మూలకారణమిదియే.

దీనికితోడు 2025 నవంబరులో కేంద్రము పాత బండ్ల పరీక్షారుసుమును పెంచి, 20 ఏండ్లు దాటిన భారీ లారీకి 2,500 నుండి ఏకముగా 25,000 రూపాయలు చేసినది. బండి పాతదైనకొలది పరీక్ష నిశితము కావలెను గాని, రుసుము పదింతలు కానేల? అదే రోడ్డుపై తిరుగు సొంత కారుకు 15 ఏండ్ల వరకు ఫిట్‌నెస్ పరీక్షయే లేదు. కిరాయిబండి ఎక్కువ తిరుగును గనుక ఎక్కువ పరీక్ష కావలెనన్న యుక్తిని అంగీకరింపవచ్చును. పేదవాని బండి పాతదైనందుననే అతనిని ఈ విధముగా పిండుటను అంగీకరింపజాలము.

కావున డ్రైవర్ల సంఘములు తమ ఉద్యమమును పరీక్ష రద్దు వైపు మరలనీయక, సాధింపదగిన కోరికలకై నడుపవలెనని నా మనవి. దినవారీ దండుగ పోయి, పరిమితి గల స్వల్పమైన ఆలస్యరుసుము రావలెను. బండి నిలిపియున్నానని ముందుగా తెలిపినవానికి ఆ కాలము లెక్కలోనికి రాకూడదు. యంత్రపరీక్షాకేంద్రములకు 2021లోనే నియమములు వెలువడినవి గనుక, ఐటీ కారిడార్ చేరువనే అట్టివి నెలకొల్పి, రాత్రులందును ఆదివారములందును తెరచియుంచవలెను. దోషము కనబడినచో దానిని కాగితముపై స్పష్టముగా వ్రాసియిచ్చి, బాగుచేయించుకొని వచ్చినవానికి రెండవ పరీక్ష ఉచితముగా జరుపవలెను. కంపెనీలును, యాపుల సంస్థలును తమకు నడచు ప్రతి బండి పరీక్షారుసుమును, ఆనాటి కూలిని భరించునట్లు ప్రభుత్వము నిబంధన చేయవలెను. నిబంధన వచ్చువరకు వేచియుండక, రవాణా ఒప్పందములు తిరుగవ్రాయునప్పుడు ఈ ఖర్చును తమ పద్దులో చేర్చుమని ఐటీ ఉద్యోగులే తమ యాజమాన్యములను అడుగవలెను. ఆ బ్రేకులపై ఆధారపడియున్నవి వారి ప్రాణములు గనుక, అడుగు అర్హత వారికి సంపూర్ణముగా కలదు.