ఆకాశం ఎవడబ్బ సొమ్ము?

ఎండాకాలం ఆరుబయట మంచాలేసుకుని చుక్కల కింద పడుకునేది మనం. వేగుచుక్క పొడిస్తే లేచి పనికి పోయింది మన అమ్మలు. పిల్లలకోడి, గొల్లకావడి అని చుక్కల్ని పేరుపెట్టి పిలిచింది పలకాబలపం ఎరగని మన తాతలు. అయినా ఆకాశం సంగతి తెలియాలంటే పంచాంగం చంకనపెట్టుకున్న అయ్యగారి దగ్గరికే పోతాం. గురుబలం లేదంటే పెళ్లి ఆపుకుంటాం. శని పట్టిందంటే అప్పుచేసి శాంతి చేయిస్తాం.

గ్రహణం వస్తే ఇక చెప్పనక్కర్లేదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన నేలమీదుగా పోతే జనం తలుపులేసుకుని కూర్చున్నారు. ఇవాళ్టికీ కడుపుతో ఉన్న పిల్లని తిండీ నీళ్లూ లేకుండా చీకటి గదిలో కదలకుండా పడుకోబెడుతున్నాం. పెదవి చీలిన బిడ్డ పుడితే 'గ్రహణమొర్రి' అని పేరుపెట్టి తల్లిని బతుకంతా ఆడిపోసుకుంటున్నాం. ఆ చీలికకి గ్రహణంతో ఏ సంబంధమూ లేదు. వంశంలో ఉండటం, తల్లికి సరైన పోషణ లేకపోవడం లాంటివి దానికి కారణాలు. ఆపరేషన్ చేస్తే బాగవుతుంది. కడుపులో బిడ్డని ఆకలికి మాడ్చేది చంద్రుడు కాదు, మనం.

'పంచాంగంలో రాసిన టైముకే గ్రహణం పడుతుంది గదా, అదెట్లా అబద్ధం?' అంటారు. టైము నిజమే. అది లెక్క. గ్రహణమంటే నీడ అని క్రీ.శ. 499లోనే ఆర్యభటుడు చెప్పాడు. లెక్కని వాళ్ల దగ్గర పెట్టుకుని భయాన్ని మనకి అమ్మారు. నోటి వాదనతో ఇది తెగదు. కంటితో చూడాలి. చూసే గొట్టం మనమే చేసుకోవాలి.

టెలిస్కోపు రాజుల కోటలో పుట్టలేదు. 1608లో హాలెండులో దానికి పేటెంటు అడిగిన హాన్స్ లిపర్‌హే కళ్లద్దాలు చేసే పనివాడు. ఆ కబురు విని మరుసటేడు ఇటలీలో గెలీలియో తన చేత్తో అద్దాలు అరగదీసి చేసుకున్నాడు. చేతిపని చేసినవాడికే ఆకాశం కనపడింది.

కళ్లద్దాల షాపులో 'ప్లస్ ఒకటి' పవరున్న, ఫ్రేముకి కొయ్యని గుండ్రటి అద్దం అడగండి. దూరపు చెట్టు బొమ్మ ఆ అద్దంలోంచి గోడమీద తేటగా పడే దూరం కొలవండి, 100 సెంటీమీటర్లు వస్తుంది. రెండోది, వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం. దాని దూరం 5 సెంటీమీటర్లయితే, 100ని 5తో భాగించండి. 20 రెట్లు. గెలీలియో చూసింది కూడా దాదాపు అంతే. ఒక్కరు కొనలేకపోతే నలుగురు కలిసి కొనండి.

అద్దం ఇమిడేంత లావు, మీటరుకి కాస్త తక్కువ పొడవున్న ప్లాస్టిక్ పైపు తీసుకోండి. లేదా చార్టు అట్ట చుట్టి అంటించండి. లోపల దీపం మసి జిగురులో కలిపి పూయండి. ముందు పెద్ద అద్దం, ఉబ్బు బయటికి. దానిమీద రూపాయి బిళ్లంత బెజ్జం కొట్టిన నల్ల అట్ట. లేకపోతే బొమ్మ అంచులకి రంగులొస్తాయి. వెనక, భూతద్దం బిగించిన చిన్న గొట్టం లోపలికీ బయటికీ జరగాలి. బొమ్మ తేటపడేదాకా జరపండి. చేత్తో పట్టుకుంటే వణుకుతుంది, మూడు కర్రలు ముడేసి వాటికి కట్టండి. బొమ్మ తలకిందులుగా ఉంటుంది, తప్పేం లేదు.

ఒక్క మాట మరవొద్దు. దీంతో సూర్యుణ్ణి ఎప్పుడూ చూడొద్దు. రెప్పపాటులో కన్ను పోతుంది. సూర్యగ్రహణం రోజు అట్టకి సూదిబెజ్జం చేసి, సూర్యుడికి వీపు పెట్టి, నేలమీద పడ్డ వెలుగునే చూడండి.

సప్తమి, అష్టమి నాడు చంద్రుడి మీద పెట్టండి. గుంటలు, కొండలు, వాటి నీడలు. రాయీ మట్టీ. గురుడి మీద పెట్టండి. 1610 జనవరిలో గెలీలియో చూసిన నాలుగు చందమామలు పక్కనే ఉంటాయి, రాత్రి రాత్రికీ చోటు మారుస్తాయి. మీ ఇంటి పెళ్లి ఆపే తీరిక ఆ గురుడికెక్కడిది? పిల్లలకోడి మీద పెట్టండి. కంటికి ఆరేడు పిల్లలే. గెలీలియో 36 చుక్కలు గీశాడు. మీరెన్ని లెక్కపెడతారో చూడండి.

సంఘం పనిచేసే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మూఢనమ్మకాల మీద ఉపన్యాసం తగ్గించి వాడవాడకీ ఒక గొట్టం మోసుకుపోండి. చంద్రగ్రహణాన్ని ఉత్తకళ్లతో చూసినా, ఈ గొట్టంతో చూసినా కంటికి ఏ హానీ లేదు. ఈసారి అది వచ్చిన రాత్రి, కడుపుతో ఉన్న ఆడబిడ్డకి కడుపునిండా అన్నం పెట్టండి. ఆరుబయట మంచం వెయ్యండి. గొట్టానికి మొదటి కన్ను ఆమెనే పెట్టనియ్యండి.