పడ్ఘా దాకా వచ్చిన కరెంటు, మన కూలి దాకా రాదా?



"దేశమంతా హెచ్.వి.డి.సి. లైన్లు వేస్తున్నారు, ఇక కరెంటు బాధ తీరినట్టే, కాస్త ఓపిక పట్టండి" అని మన సేఠ్‌లు కొత్త పాట ఎత్తుకున్నారు. లైన్లు మంచివే, వాటితో మనకు తగువు లేదు. ఓపిక సంగతే తేలాలి.

భివండి పక్కనున్న పడ్ఘాకు చంద్రపూర్ నుండి 752 కిలోమీటర్ల డైరెక్ట్ కరెంటు లైను 1999లోనే వచ్చింది. 500 కిలోవోల్టులు, 1,500 మెగావాట్లు. మామూలు ఆల్టర్నేటింగ్ కరెంటును అంత దూరం, అంత మోతాదులో పంపితే దారిలో నష్టం ఎక్కువ, గ్రిడ్ నిలకడ కూడా చెడుతుంది. అందుకని అక్కడ డైరెక్ట్ కరెంటుగా మార్చి పంపి, పడ్ఘాలో మళ్ళీ మామూలు కరెంటుగా మారుస్తారు. కంట్రోలు రూములో ఎంత పెడితే అంతే పోతుంది. గ్రిడ్ ఊగిసలాడితే సర్దడానికీ పనికొస్తుంది. మంచి ఇంజనీరింగు, కాదనను. కానీ అది మధ్యలో ఆగని ఎక్స్‌ప్రెస్ బండి. టవర్ల కింది పల్లెలకు దాని నుండి చుక్క దిగదు.

పల్లెల మాట అలా ఉంచండి, లైను చివరన ఉన్న మనకేం ఒరిగింది? 2005 తర్వాత కొన్నేళ్ళు లోడ్ షెడ్డింగు మరిచారా? ముంబైలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, భివండిలో సాంచాలు ఆగాయి. అప్పుడు నేను నాలుగు సాంచాలు నడిపేవాణ్ణి. కరెంటు పోతే కార్ఖానాలోనే చెమటలు కక్కుతూ కూర్చోవాలి, ఏ అర్ధరాత్రి వచ్చినా లేచి నడపాలి. మీటరు లెక్కన కూలి, ఆగిన గంటకు పైసా లేదు. పైగా సాంచా ఆగి మొదలైన చోట గుడ్డలో గీత పడితే డ్యామేజీ అని మా కూలిలోనే కోశారు!

"కరెంటు సర్కారుది, పాపం సేఠ్ ఏం చేస్తాడు?" అని మనవాళ్ళే కొందరు అంటారు. నూలు ధర పడిపోయిన నాడు మిగిలిన లాభం మనకేమైనా పంచాడా? నష్టం వచ్చిన నాడే మనం భాగస్తులమా?

కరెంటు కొరతతో పని ఆగితే అది లేఆఫ్ అనీ, బేసిక్, డి.ఎ.లలో సగం ఇవ్వాలనీ చట్టంలో ఉంది. అయితే మస్టరులో పేరుండాలి, ఏడాది సర్వీసు ఉండాలి, కార్ఖానాలో 50 మందికి తగ్గకూడదు. ఒకే షెడ్డుకు నాలుగు బోర్డులు ఎందుకు వేలాడుతున్నాయో ఇప్పుడర్థమైందా?

కాబట్టి బోర్డులెన్ని ఉన్నా షెడ్డు ఒకటే అని లెక్కగట్టాలి. ప్రతి కార్మికుని పేరూ మస్టరుకెక్కాలి. కరెంటు పోయిన గంటలకు సగం కూలి కట్టాలి, గీతల డ్యామేజీ కోత ఆపాలి. ఎన్ని గంటలు పోయిందన్న వాదన రేపు సేఠ్ తెస్తాడు. సబ్‌స్టేషనులో ఫీడరు వారీగా లాగ్ బుక్కు ఉంటుంది, అది తెప్పించి ముందు పెట్టమందాం.