సంపాదకుని మాట: బీమా ఎంపికలో వివేకము

2007లో అనంతపురము మొదలగు మూడు జిల్లాలలో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పేద కుటుంబములకు పెద్దాసుపత్రుల వాకిళ్లు తెరచినను, ఆ పథకపు పరిధిలోనికి రాని కర్నూలు వర్తకుడును, కడప ప్రైవేటు బడి పంతులును తమ బీమాను తామే ఎన్నుకొనవలసియున్నది. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్‌టీ తొలగుటచే ఈ చర్చ మరింత సమయోచితమని తలంచితిమి. వానలు తప్పిన యేట వైద్యవ్యయము అప్పుగా మారు ఈ సీమలో ప్రీమియము చౌకదనమొక్కటే గీటురాయి కారాదు. పూర్వవ్యాధులకు మూడేండ్లవరకు ఉండదగిన నిరీక్షణకాలము, గది అద్దెపై పరిమితి, బిల్లులో మన వంతు, సమీపపు ఆసుపత్రిలో నగదురహిత చికిత్స లభించునో లేదో యనునవి ముందుగా విచారింపదగినవి. దేహము స్వస్థముగా నున్ననాడే పాలసీని సాంతము చదువుడని, సంతకమునకు ముందే సందేహములు తీర్చుకొనుడని ప్రబోధించుటయే ఈ సంచికలోని రచనలన్నిటి అంతస్సూత్రము.