గ్రెనోబుల్‌లో దిగిన హోర్డింగులు

ఫ్రెంచి ఆల్ప్స్ పర్వతాల నడుమ గిన్నెలాంటి లోయలో ఉంది గ్రెనోబుల్. చలికాలంలో పొగ ఆ గిన్నెలోనే నిలిచిపోతుంది. 2014 మార్చిలో ఈ నగర ఓటర్లు గ్రీన్ పార్టీ నాయకుడు ఎరిక్ ప్యోల్ జాబితాను గెలిపించారు. ఫ్రాన్స్‌లో లక్షన్నరకు పైగా జనాభా ఉన్న నగరం ఆ పార్టీ చేతికి రావడం అదే మొదలు.

తొలి ఏడాదిలో లోకం చూపును తనవైపు తిప్పుకున్న నిర్ణయం నవంబరులో వచ్చింది. వ్యాపార ప్రకటనల సంస్థ జేసీడెకోతో ఒప్పందాన్ని నగరం పొడిగించలేదు. 2015 తొలి నెలల్లో 326 ప్రకటన ఫలకాలు వీధుల్లోంచి తొలగిపోయాయి. వాటి బదులు సుమారు 50 చెట్లు నాటాలని సంకల్పించారు. నగరానికి రాబడి తగ్గింది, నిజమే. అయినా నడిచేవారి కళ్లముందున్న స్థలం ఎవరిదన్న ప్రశ్నను పాలకులే వేయడం సాహసమైన పని, మెచ్చదగ్గది.

బస్సు, ట్రామ్ స్టాపుల్లో ప్రకటనలు మాత్రం మిగిలాయి. వాటి ఒప్పందం రవాణా సంస్థది.

ఇంకోటి మరవకూడదు. గ్రెనోబుల్‌లో ట్రామ్ 1987లోనే తిరిగి వచ్చింది. ప్యోల్ బృందానికి ఖాళీ నేల దొరకలేదు, సిద్ధమైన పునాది దొరికింది. అయినా చాలా వీధుల్లో వాహనాల వేగాన్ని గంటకు 30 కిలోమీటర్లకు దించే పని 2016లో గానీ మొదలవలేదు. గాలిని బాగుచేయడం ఫలకాలు దించినంత తేలిక కాదు. ఆ పనికి కార్ల యజమానులనూ, చుట్టుపక్కల పురపాలక సంఘాలనూ ఒప్పించాలి.

హోర్డింగుల అద్దె మీద ఆశ పెట్టుకున్న మన నగరపాలక సంస్థలు గ్రెనోబుల్ లెక్కను చూడాలి.